నాయన చుట్టలకు బొంబాయిలో పన్ను

కువైట్‌లో నేను పనిచేసిన ఇంటాయన సాయంత్రాలు చుట్ట తాగేవాడు. నున్నగా ఉండి, నడుముకు బంగారురంగు కాగితం ఉంగరం తొడిగిన చుట్ట. సగం తాగి గాజు పళ్ళెంలో పెట్టి పోతే, తెల్లారి ఆ పళ్ళెం కడిగేది నేను. మొదటిసారి ఆ బూడిద వాసన ముక్కుకు తగలగానే చీపురు కింద పెట్టి కూర్చుండిపోయినాను. అది మా నాయన వాసన. ఎడారి దేశంలో, ముక్కూమొగం తెలియనోళ్ళ ఇంట్లో, నాయన వచ్చి పక్కన నిలబడినట్లయింది. ఇట్లాంటి చుట్టలు ఒక పెట్టెడు కొని ఊరికి తీసుకుపోవాలని ఆ పొద్దే అనుకున్నాను.

మాది రాప్తాడు నుంచి మట్టిదోవలో నడిచిపోయే ఊరు. నాయన బావులు తవ్వేవాడు. వానలు ఎగ్గొట్టే కొద్దీ ఆయనకు పని ఎక్కువయ్యేది. శెనక్కాయ చేను మాడిపోతాంటే ఆసాములు మా ఇంటికొచ్చి, "ఇంగో రెండు మట్లు లోతుకు పోదాం రాప్పా" అని పిలుచుకుపోయేవాళ్ళు. నాయన బావిలోకి దిగి, బండకు బెజ్జం కొట్టి, పేలుడు మందు కూరి, ఒత్తి పెట్టి, నోట్లో ఉన్న చుట్ట తీసి దాని నిప్పుతోనే ఒత్తి అంటించేవాడు. మళ్ళా చుట్టను నోట్లో పెట్టుకుని మోకు పట్టుకుని పైకొచ్చేవాడు. పైనున్నోళ్ళు "బిన్న రాప్పా, బిన్న రా" అని అరుస్తాంటే ఆయన మాత్రం మిద్దె దిగినంత నింపాదిగా వచ్చేవాడు. పొగాకు కట్ట అనంతపురంలో కొనుక్కొచ్చి, ఆకు తడిపి, తొడ మీద పెట్టుకుని తనే చుట్టుకునేవాడు. కొన్న చుట్ట ఆయన ఎప్పుడూ ఎరగడు.

నా పెండ్లి నిలబడలేదు. మొగుడు పనికని బళ్ళారి పోయి ఆడనే వేరే సంసారం పెట్టినాడు. నేను పుట్టింటికి వచ్చేసినాను. అమ్మ అప్పటికే లేదు. ఇంట్లో నాయన, అన్న, వదిన. కదిరి వైపు ఆడోళ్ళు కొందరు ఇంటిపనికి కువైట్ పోతాండారని తెలిసి, నేనూ పోతానన్నాను. అన్న ఒప్పుకోలేదు. ఊళ్ళో తలెత్తుకోలేమని వదిన ఏడ్చింది. నాయన మాత్రం, "ఆడ ఏం పనిమ్మా?" అని అడిగినాడు.

"ఊడ్చేది, కడిగేది, వండేది."

"ఈడ చేసేదీ అదే కదా. ఆడైతే దుడ్లిస్తారు. పో."

అట్ల పోయినాను. అవి ఎనభైల మొదటి సంవత్సరాలు.

రెండేండ్లకు సెలవు దొరికింది. బయలుదేరే ముందు బజారులో చుట్టలమ్మే అంగడికి పోయినాను. అంగడాయన మలయాళీ. ఆడది వచ్చి చుట్టలు అడిగినా నవ్వలేదు. ఎవరికమ్మా అన్నాడు. మా నాయనకన్నాను. చెక్కపెట్టెలో వరసగా పేర్చినవి తీసి చూపించినాడు. మూత తీస్తే దేవదారు వాసనా పొగాకు వాసనా కలిసి గుప్పుమనింది. బేరమాడకుండా కొన్నాను. నా జీతంతో నేను ఇంకొకరికని కొన్న మొదటి వస్తువు అది.

బొంబాయిలో విమానం దిగినాక కస్టమ్స్ వాళ్ళ బల్ల ముందర వరసలో నిలబడినాము. నాతో పాటు కదిరి దగ్గర పల్లె నుంచి కువైట్ పోయిన ఒకామె ఉన్నింది. నాకన్నా పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. మా ఇద్దరి పెట్టెలూ తెరిచినారు. నా పెట్టె తెరిచిన ఆఫీసరు చీరలు పక్కకు తోసి, సబ్బులు పక్కకు తోసి, చుట్టల పెట్టె బయటికి తీసినాడు. మూత ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని కండ్లు మూసుకున్నాడు. తర్వాత దాన్ని బల్ల కింద పెట్టుకుని, నా పెట్టె మీద సుద్దతో గుర్తు గీసి, "చలో, చలో" అన్నాడు.

అంతే. పన్ననలేదు, కాగితమనలేదు. నేను ఒక్క మాట అనలేదు. యూనిఫారం వేసుకున్నోడు తీసుకుంటే అది తీసుకోవలసిందేననుకున్నాను. అక్క దగ్గర ఒక గోడగడియారం అట్లే పోయింది. రైలెక్కినాక గుంతకల్లు దాకా ఇద్దరమూ దాని గురించి మాట్లాడుకోలేదు.

ఇంటికి పోయి నాయనకు చెప్పినాను. అన్న, "పోతే పోనీలే, అంతటితో విడిచినారు" అన్నాడు. నాయన తొడ మీద ఆకు చుట్టుకుంటా విని, అడిగినాడు.

"ఏమని తీసుకున్నాడు?"

"ఏమీ అనలేదు నాయనా. తీసుకున్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను?"

నాయన చుట్టేది ఆపినాడు. "బావిలో బండకు నోరు లేదు. దాన్ని కదిలించాలంటే నేను పొద్దంతా సమ్మెట కొట్టాల, మందు పెట్టాల. నోరుండే దానివి నువ్వు, చెయ్యి చాపితే ఇచ్చి వస్తివా?"

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను ఎక్కువ కోసింది. చుట్టలు పోయినందుకు ఆయనకేమీ లేదు, వాటి మొగమే చూసిండలేదు. నేను నోరు మూసుకుని వచ్చిందొక్కటే ఆయనకు పట్టింది. సెలవున్నన్ని దినాలూ సంగటి ముద్ద మింగేటప్పుడు ఆ మాట అడ్డం పడతానే ఉన్నింది.

మళ్ళా కువైట్ పోయి, మళ్ళా రెండేండ్లు పళ్ళాలు కడిగి, మళ్ళా అదే అంగడికి పోయినాను. మలయాళీ ఆయన గుర్తుపట్టి, "మీ నాయనకు నచ్చినాయా?" అని అడిగినాడు. జరిగింది చెప్పినాను. ఆయన తల అడ్డంగా ఊపి, నన్ను వాళ్ళ భాషలో అక్కా అని పిలుస్తా, "సొంతానికి ఒక పెట్టె తీసుకుపోతే పన్నే లేదు చేచీ. ఉందని ఎవడన్నా అంటే, రాసి ఇమ్మను. రాయడు" అన్నాడు. బిల్లు మీద ముద్ర గట్టిగా కొట్టి ఇచ్చినాడు. ఈసారి నేను పెట్టెను చీరల కింద దాయలేదు. సూట్‌కేసు తెరవగానే కనపడేట్లు అన్నిటికన్నా పైన పెట్టినాను.

బొంబాయిలో బల్ల దగ్గర ఉన్నది వేరే ఆఫీసరు. వయసులో ఉన్నాడు, మీసం సన్నగా కత్తిరించుకున్నాడు. సూట్‌కేసు తెరవగానే ఆయన చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది. ఆయన హిందీలో మాట్లాడితే, మా వీధి సాయిబుల ఇండ్లలో నేర్చుకున్న ఉర్దూలో నేను జవాబు చెప్పినాను.

"ఎవరికివి?"

"మా నాయనకు."

"మీ నాయన ఏం చేస్తాడు?"

"బావులు తవ్వుతాడు."

పక్క బల్ల ఆయన్ని చూసి నవ్వినాడు. "బావులు తవ్వేవాడికి ఈ చుట్టలా?"

"తాగేదానికి నోరుంటే చాలదా సాబ్?"

ఆయన నవ్వు ఆరిపోయింది. "దీనికి డ్యూటీ కట్టాల" అన్నాడు.

"ఎంతో రాసియ్యి, కడతాను."

"శానా అవుతుంది. నువ్వు కట్టలేవు. ఇది ఈడ పెట్టి పో, మిగతా సామాను చూడకుండా విడుస్తా."

బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. "పన్నుంటే రసీదియ్యి. లేకుంటే నా పెట్టె నాకియ్యి. రెండిట్లో ఏదో ఒకటి కానిదే నేను కదిలేది లేదు."

ఆయన నా సూట్‌కేసు ఎత్తి బల్ల మీద బోర్లించినాడు. లోపలి గుడ్డలు కూడా అందరి ముందరా విదిలించినాడు. సిగ్గుతో చచ్చిపోతానని అనుకున్నాడేమో. నాలుగేండ్లు పరాయోళ్ళ గుడ్డలన్నీ ఉతికినదాన్ని, నా గుడ్డలు చూస్తే నాకేం సిగ్గు? ఒక్కొక్కటే మడతపెట్టుకుంటా నిలబడినాను. వరసలో నా వెనకాల ఉన్న మగోళ్ళు, "ఇచ్చేసి పోమ్మా, మా రైలు పోతుంది" అని గొణిగినారు. వాళ్ళల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

నన్ను పక్కకు పొమ్మన్నాడు. పోయినాను. సూట్‌కేసు గోడకు ఆనించి దాని మీద కూర్చున్నాను. చుట్టల పెట్టె ఆయన బల్ల మీద, నేను దాని ఎదురుగా. వేరే విమానం వాళ్ళు వచ్చినారు, పోయినారు. ఆయన టీ తాగినాడు, నన్ను చూసినాడు. నేను పెట్టెనే చూస్తాంటిని. దాహమైనా లేవలేదు. లేస్తే అది బల్ల కిందికి పోతుందని నాకు తెలుసు. ఒకసారి ఆయనే దగ్గరికొచ్చి మెల్లగా, "పోనీ, సగం నువ్వు తీసుకో" అన్నాడు.

"నీకు సగం ఇమ్మని మా నాయన చెప్పలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క బల్ల ఆయన తల ఎత్తినాడు.

చానాసేపటికి వాళ్ళ పెద్దాఫీసరు అట్ల పోతా, ఈమె ఎందుకు కూర్చుందని అడిగినాడు. నేను లేచి నిలబడి అంతా చెప్పినాను. బిల్లు చూపించినాను. ఆయన చిన్నాఫీసరు వైపు ఒక చూపు చూసి, చుట్టల పెట్టె అటూఇటూ తిప్పి నా చేతికిచ్చినాడు. "దీనికి పన్ను లేదు" అన్నాడు. నా గుండె పొంగిందంటే పొంగింది. కానీ ఆయన ఆడితో ఆగలేదు. తన కిందోణ్ణి నలుగురి ముందర తగ్గించలేడు కదా. నా సామాను వైపు చెయ్యి చూపించి, "ఆ టేప్ రికార్డరుకు, ఆ రెండు కంబళ్ళకు డ్యూటీ వేసెయ్యి" అన్నాడు. ఇంకొకరి పెట్టెలో అయితే సుద్దగీతతో పోయేవే అవన్నీ. నా దాంట్లో మాత్రం వాటికి పన్ను పడింది.

చుట్టల ఖరీదు కన్నా ఆ పన్ను ఎక్కువ. కట్టినాను. రసీదు అడిగి తీసుకుని, దాని మీద ఏం రాసినారో చదివించుకుని, మడిచి రవికలో పెట్టుకున్నాను. బయటికొచ్చేసరికి ఎక్కవలసిన రైలు పోయింది. మరో రైల్లో జనరల్ పెట్టెలో, కక్కసు తలుపు దగ్గర, చుట్టల పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చినాను.

గుంతకల్లులో అనంతపురం బండి కోసం దిగితే ఒక పోలీసాయన నా సూట్‌కేసు మీద విమానం చీటీ చూసి దగ్గరికొచ్చినాడు.

"ఫారిన్ సరుకా? ఏముండాది దాంట్లో?"

"చుట్టలు."

"ఒకటి ఇయ్యి, చూద్దాం."

రైల్లో ముడుచుకుని కూర్చుని కూర్చుని నా కాళ్ళు వాచినాయి. కడుపులో ఏమీ లేదు. "బొంబాయిలో ఇయ్యనిది గుంతకల్లులో ఇస్తానా అన్నా?" అన్నాను. ఆయన ఏమనుకున్నాడో, "నీ నోరు మంచిది కాదు" అని పోయినాడు. బెంచీ మీద కూర్చున్న ముసలామె ఒకామె పకపకా నవ్వి, తను తింటాండే శెనక్కాయ బుడ్డల్లో దోసెడు నా కొంగులో పోసింది.

ఇంటికి పోయేసరికి నాయన వసారాలో కూర్చోనుండాడు. పెట్టె ఆయన చేతిలో పెట్టినాను. మూత తీసి వాసన చూసినాడు. కాగితం ఉంగరం గీకి తీసి, ఏం చేయాల్నో తెలియక చెవి మీద పెట్టుకున్నాడు. ఒకటి అంటించి రెండు దమ్ములు లాగినాడు. నేను ఆయన మొగమే చూస్తాండా.

"ఎట్లుండాది నాయనా?"

"పొగాకు మంచిదే. కారం లేదు. పెండ్లికొడుకు తాగే చుట్ట ఇది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బొంబాయి కథంతా చెప్పినాను. నాయన చుట్ట తాగుతా విన్నాడు. సగం ఇయ్యమన్నాడని చెప్పినప్పుడు మాత్రం చుట్ట నోట్లో నుంచి తీసి, "ఏమన్నావు?" అన్నాడు. నేనన్నది చెప్పినాను. మళ్ళా చెప్పమన్నాడు. మళ్ళా చెప్పినాను. ఆయన తల ఊపి చుట్ట మళ్ళా నోట్లో పెట్టుకున్నాడు.

అన్నకు మాత్రం కోపమొచ్చింది. నేను రసీదు చూపించినాక ఇంకా ఎక్కువయింది. "చుట్టల కోసం ఇంత కడితివా? మన చేనుకు బోరు వేయాలని నేను మొత్తుకుంటాండా. ఆ పెట్టె వాడి మొగాన కొట్టి వచ్చింటే ఈ దుడ్లు మిగిలేవి. నీ పంతానికి మా కడుపు కట్టల్నా?" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ ఏడు కూడా మా పక్క వాన పడలేదు. ఊళ్ళో సగంమంది కూలికి బెంగుళూరు పోయినారు. అన్న మొగంలో ఎముకలు తేలినాయి. నేను తల వంచుకుని ఉంటే బాగుండేదేమో. వంచుకోలేదు.

"నా దుడ్లు అన్నా అవి. బోరుకు నేను పంపించినవి వేరే ఉండాయి, అవి నేను అడగలేదు. ఇవి మాత్రం నోరు తెరిచినందుకు కట్టినాను. మళ్ళా అయినా కడతా."

అన్న విసురుగా లేచిపోయినాడు. నాలుగు దినాలు నాతో మాట్లాడలేదు. వదిన మధ్యలో నలిగిపోయి, ఇద్దరికీ వేరువేరుగా అన్నం పెట్టింది.

నాయన ఆ చుట్టల్ని ఇంటికాడ తాగడం మానేసినాడు. కారం లేదని ఇష్టపడలేదేమోనని నాకు చిన్నబోయింది. ఒకరోజు ఊరి బయట ఒక ఆసామి బావి దగ్గర పని చేస్తాంటే సద్ది తీసుకుపోయినాను. లోపలికి తొంగిచూస్తే నాయన బండకు మందు కూరి, అడుగున నిలబడి, నోట్లో నా చుట్ట పెట్టుకుని ఉండాడు. దాంతో ఒత్తి అంటించినాడు. మోకు పట్టుకుని పైకొచ్చి, నన్ను చూసి, "ఇదే దీని గుణం. నా చుట్ట మధ్యలో ఆరిపోతాది, మళ్ళా అగ్గిపుల్ల గీకాల. ఇది ఆరదు. ఒకటి తెల్లారి అంటిస్తే మూడు ఒత్తులకు వస్తుంది" అన్నాడు.

లోపల బావి దద్దరిల్లింది. రాళ్ళ దుమ్ము పైకి లేసింది. గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్న ఆసామి ముక్కుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని, "ఏమప్పా, కూతురి కువైట్ సంపాదన బాగా తాగుతాండావే" అన్నాడు. కువైట్ అన్న మాటను ఆయన పలికిన తీరులో ఇంకో అర్థముంది. ఊళ్ళో చాలామంది అట్లే పలికేవాళ్ళు. మా వదిన భయపడింది ఆ పలుకుకే.

నాయన నిదానంగా ఆయన దగ్గరికి పోయినాడు. ఒళ్ళంతా దుమ్ము, చెమట. పొగ ఆయన గొడుగు కిందికి పోయేట్లు ఒదిలి, "అవునప్పా, నా కూతురి సంపాదనే. పరాయోళ్ళ పళ్ళేలు కడిగి సంపాదించింది, బొంబాయిలో ఆఫీసర్లతో కొట్లాడి తెచ్చింది. నీకూ ఒకటిస్తాను. నా కూతురి గురించి ఇంకో మాట అనాలనుకుంటే మాత్రం, బావిలోకి నువ్వే దిగి నీ బండ నువ్వే పగలగొట్టుకో" అన్నాడు.

ఆసామి గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. బావి సగంలో ఉంది, ఇంకెవరు దిగుతారు దాంట్లోకి?

నాయన రాతి మీద కూర్చుని సద్ది తింటా, ఆ చుట్ట నాకు అందించినాడు. "నువ్వూ ఒక దమ్ము లాగు. ఏం తెచ్చినావో తెలియాల గదా." ఆసామి చూస్తాండగానే లాగినాను. దగ్గొచ్చి కండ్లల్లో నీళ్ళు కారినాయి. నాయన నా వీపు మీద చరిచి, "చెప్పినా గదా, పెండ్లికొడుకు చుట్ట. దీనికే దగ్గితే నాది ఎట్ల తాగుతావు?" అని నవ్వినాడు. బావిలో ఆ పొద్దు తడి మట్టి తేలింది. పది దినాలకు ఊట కనపడింది. శెనక్కాయకు చాలేంత కాదు, గొడ్లు తాగేంత.

అన్న బోరు తర్వాతి ఏడు వేయించినాడు. నీళ్ళు పడలేదు. ఆ దినం నేను కువైట్‌లో ఉన్నాను. ఉత్తరంలో ఆ సంగతి ఒక్క వాక్యంగా రాసి, కింద, "ఈసారి నాకూ ఒక టార్చిలైటు తే. పన్నేస్తే వేయించుకో" అని రాసినాడు. ఆ వాక్యం చదువుకుని ఇంట్లో ఎవరూ లేనప్పుడు గట్టిగా నవ్వినాను.

మూడోసారి ఊరికి వచ్చేటప్పుడు కదిరి అక్కా నేనూ ఒకే విమానంలో పడినాము. ఆమె ఈసారి కూడా గోడగడియారం కొన్నింది, మొదట పోయినదాని మాదిరిదే. విమానంలో నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఆడ ఏమన్నావో అది నాకు నేర్పించు" అనింది. హిందీలో ఎట్ల అడగాల్నో నేర్పించినాను. దోవంతా నోట్లో గొణుక్కుంటానే వచ్చింది. ఎయిర్ హోస్టెస్ అన్నం పెట్టినా గొణుక్కుంటానే తినింది.

బల్ల దగ్గర ఆఫీసరు గడియారం మీద చెయ్యి వేసినాడు. అక్కకు నేర్చుకున్న హిందీ అంతా ఒక్కసారిగా మరిచిపోయింది. నేను ముందుకు రాబోతే మోచేత్తో నన్ను వెనక్కి తోసి, వాళ్ళ ఊళ్ళో నిలబడి మా ఊళ్ళో ఉన్నోళ్ళను పిలిచినంత గట్టిగా, "రసీదియ్యప్పా!" అనింది.

ఆ హాలులో అందరూ తిరిగి చూసినారు. ఆయనకు తెలుగు రాదు. అయినా అర్థమయింది. గడియారం మీద నుంచి చెయ్యి తీసినాడు.